మాండొలిన్ నేర్చుకున్న పాట

కర్ణాటక సంగీతంలో మాండొలిన్‌కు కచేరీ వాద్యంగా పీట వేసినవారు ఉప్పలపు శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఆయన వయసు 14 ఏళ్లు. ఆ వయసు పిల్లవాడు ఈ సంగీతం ఎరగని దేశంలో వేదికెక్కడం వెనక కన్నతండ్రి చెవి, గురువు గొంతు ఉన్నాయి. ఆ రెండూ చేసిన పని తెలిస్తేనే ఆ బాణీ విలువ తెలుస్తుంది.

తండ్రి సత్యనారాయణ స్వయంగా వాద్యకారులు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను ఆరేళ్ల కొడుకు చేతిలోకి తీసుకుంటే వారించలేదు. పిల్లవాడి వేళ్లలో ఏముందో గుర్తించి, కొత్త వాద్యం కొనిచ్చి, తొలి పాఠాలు తానే చెప్పారు. తరవాత తన గురువు రుద్రరాజు సుబ్బరాజుకే అప్పగించారు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తంతి మీద పలికించేవాడు. వాద్యం తెలియని గురువు దొరకడం ఇక్కడ లోటు కాలేదు, వరమైంది. వేళ్లకు అలవాటైన దారిని కాక, గొంతు నడిచిన దారినే పట్టుకోవలసి వచ్చింది.

ఆ దారి మాండొలిన్‌కు సులువైనది కాదు. ఐరోపా నుంచి వచ్చిన ఈ వాద్యానికి నాలుగు జతలుగా ఎనిమిది తంతులు. తంతి పొట్టిది, బిగువైనది. మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్యులు ఒకే స్వరాన్ని గబగబా పదే పదే మీటి నిలబెడతారు. కర్ణాటక సంగీతానికి అది చాలదు. ఇక్కడ స్వరం ఊగాలి, జారాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. దాన్నే గమకం అంటారు. తోడి రాగంలో గాంధారాన్ని తీసుకుంటే, దాన్ని మెట్టు మీద వేలు నొక్కి కదలకుండా పలికిస్తే స్వరస్థానం సరిగానే ఉంటుంది, తోడి మాత్రం ఉండదు. రిషభం నుంచి లేచి మధ్యమం అంచు దాకా ఊగి వస్తేనే అది తోడి గాంధారం. వైణికుడు తంతిని మెట్టు మీదే పక్కకు లాగి ఈ ఊపు తెస్తాడు. మాండొలిన్ తంతి అంత దూరం లాగుడుపడదు. వేలు ఎత్తకుండా మెట్ల మీదుగా జార్చాలి. జారుతున్నంతసేపూ నాదం బతికి ఉండాలి.

శ్రీనివాస్ బాణీలో దీనికి దొరికిన పరిష్కారం రెండు మార్పులు. జంట తంతులు తీసేసి అయిదు ఒంటి తంతులు పెట్టారు. జంటలో రెండూ ఒకే తీరున కదలకపోతే గమకం చెదురుతుంది. ఒంటి తంతికి ఆ బాధ లేదు. రెండోది విద్యుత్ మాండొలిన్. ఒక్కసారి మీటితే, ఆ నాదం ఆరేలోగా వేలు మూడు నాలుగు స్వరాలు చుట్టి రాగలదు. మీటు తగ్గి పాట పెరిగింది. బెర్లిన్‌లోని జాజ్ శ్రోతలకు రాగం పేరు తెలియకపోయినా, అప్పటికప్పుడు అల్లే ఆలాపన, తాళం లెక్క తప్పకుండా పల్లవి ఎత్తుగడకు వచ్చి చేరే స్వరకల్పన వాళ్లకు అందాయి. అప్పటికప్పుడు అల్లడం వాళ్ల సంగీతానికీ ప్రాణమే కదా.

పరదేశపు సభలో కుర్రవాడికి అందని ఆసరా ఒకటుంది. చెన్నైలో ముందు వరుసలవాళ్లు తొడ మీద తాళం వేస్తూ వింటారు. ఆదితాళం ఎనిమిది అక్షరాలూ వేదిక కింద నుంచే కనబడుతుంటాయి. కొత్త దేశంలో ఆ చేతులుండవు. అక్కడ కూర్చున్న తల్లో తండ్రో తాళం వేస్తే అది మురిపెం కాదు, కచేరీలో భాగమే. సంగతి సంగతికీ కృతి ఎలా విప్పారుతోందో, వేగంలో గమకం చెరుగుతోందా అని వినగలిగిన కన్నవాళ్లు చప్పట్లకన్నా ఎక్కువ ఇస్తారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి జరుగుతున్న త్యాగరాజ ఆరాధనలో పోటీలకొచ్చే పిల్లల వెంట ఉండే తల్లిదండ్రులకూ ఇదే వర్తిస్తుంది.

ఈ నాదం పరదేశపు వేదికలకే పరిమితం కాలేదు. రాయలసీమలో వేరుశనగ, వాన మీద బతికే నల్లమాడ వైపూ ఇది పరాయిది కాదు. నల్లమాడ మండలం పుట్టపర్తి నియోజకవర్గంలోది. సత్యసాయిబాబా భక్తులైన శ్రీనివాస్ పుట్టపర్తిలోని బాబా ఆశ్రమం ప్రశాంతి నిలయంలో ఎన్నోసార్లు వాయించారు. బెర్లిన్ విన్న మాండొలిన్‌ను ఈ మెట్ట పల్లెల పక్కనే వినే అవకాశం అలా దొరికింది.

1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే చెన్నైలో కన్నుమూశారు. తమ్ముడు రాజేశ్, శిష్యులు ఆ బాణీని వాయిస్తున్నారు. పిల్లల చేతికి ఏ వాద్యం ఇవ్వాలనుకున్నా, దాన్ని కొనేముందు పాడి పాఠం చెప్పే గురువును వెతకండి. వేదిక ఏ దేశంలోదన్నది ఆ తరవాతి మాట.