బీరువా తాళం ఎవరి చేతిలో?

'మాలపల్లి' నవలను ఎనిమిదో తరగతి పిల్లలకు ఇవ్వవచ్చునా అనే ప్రశ్న మా బడి గ్రంథాలయంలో తరచు వస్తుంది. వయసు చాలదనేవారే ఎక్కువ. ఈ వాదాన్ని నేను అంగీకరించను.

ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన ఈ నవల 1922లో వెలువడింది. నాటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ ప్రభుత్వ భయం పిల్లల లేతమనసుల గురించి కాదు, కూలి కోసం నిలబడే జనం గురించి. సంగదాసు హత్య పిల్లలు చదవరాదని ఇవాళ మనం అంటున్నాం. సెలవుల్లో మిరపచేలో కూలికి పోయే పిల్లకు ఆ బతుకు కొత్తదా? పనికి చాలిన వయసు పుస్తకానికి చాలదా?

అలాగని అన్ని పుస్తకాలూ అందరికీ ఒకేసారి ఇచ్చేయడం కూడా బాధ్యత అనిపించుకోదు. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు'లో భాష తేలిక, కథ పసివాడితోనే మొదలవుతుంది. అందులోని వ్యంగ్యం అందకపోయినా నష్టం లేదు, పెద్దయ్యాక మళ్లీ చదువుతారు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' సంగతి వేరు. సీతారామారావు పతనాన్ని, మనసు కుంగిన పిల్లవాడు ఒంటరిగా చదవకూడదు. అతనికి పుస్తకంతోపాటు పక్కన ఒక మనిషి కావాలి.

కనుక కొలబద్ద వయసు కాదు. చదివాక పిల్లవాడు వేసే ప్రశ్నకు ఉపాధ్యాయుడు సిద్ధంగా ఉన్నాడా లేదా అన్నదే కొలబద్ద. మనం సిద్ధంగా లేనప్పుడే వాడు చిన్నవాడంటున్నాం. ఆ నవలలు ముందుగా చదవవలసింది మనమే.