స్థానిక చరిత్ర - ఎవరి స్థానం నుంచి?

ఫలానా ఊళ్ళో శాసనం దొరికిందని అప్పుడప్పుడూ పేపర్లో వార్త వస్తుంది. ఫొటోలో రాయి పక్కన చరిత్ర పరిశోధకుడు, సర్పంచి, గుడి పూజారి నిలబడి ఉంటారు. ఆ రాయి ఏ రాజు కాలానిదో, ఏ దేవుడికి ఎంత భూమి ఇచ్చారో, లిపి ఏ శతాబ్దానిదో రాస్తారు. ప్రభుత్వం దాన్ని కాపాడాలని చివర్లో ఒక విజ్ఞప్తి ఉంటుంది. ఈ పనిని మేము తక్కువ చెయ్యడం లేదు. గడ్డివాముల కింద, చాకిరేవు బండల్లో పడివున్న రాళ్ళని ఎండలో తిరిగి చదివిపెట్టినవాళ్ళకి మనమంతా బాకీ ఉన్నాం. కానీ ఆ వార్త చదివిన ప్రతిసారీ మాకు ఒక ప్రశ్న మిగిలిపోతుంది. దానమిచ్చిన ఆ భూమిని దున్నిందెవరు? దానం ఇచ్చినవాడి పేరుంది, పుచ్చుకున్నవాడి పేరుంది, రాయి చెక్కినవాడి పేరు కూడా ఒక్కోసారి ఉంటుంది. భూమి మీద నడుం వంచినవాడి దగ్గరికొచ్చేసరికి రాయీ మాట్లాడదు, రాయి చదివినవాడూ మాట్లాడడు. రాయి మాట్లాడకపోవడాన్ని అర్థం చేసుకోవచ్చు. చదివినవాడు ఎందుకు అడగడన్నదే మా వ్యాసం.

వేటపాలెం నుంచి మొదలుపెడదాం. చరిత్ర, విజ్ఞానం మన ఊళ్ళల్లోనే పోగుచేసుకోవాలన్న పట్టుదలకి ఆంధ్రదేశంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి, ఆయన మిత్రులు హిందూ యువజన సంఘం తరఫున ఇక్కడ గ్రంథాలయం పెట్టారు. అదే సారస్వత నికేతనం. 1929లో దాని భవనానికి గాంధీ శంకుస్థాపన చేశాడు. నేతపని, జీడిపప్పు తప్ప ఇంకో పేరు లేని ఊళ్ళో పాత పత్రికల సంపుటాలు భద్రపరిచి పెడితే, వాటికోసం విశ్వవిద్యాలయాల నుంచి పరిశోధకులు రైలెక్కి వస్తూ వచ్చారు. మాలాంటివాళ్ళకీ అది అన్నంపెట్టిన చెయ్యే. అయినా పుట్టినప్పటి సంఘం పేరు ఒకసారి మళ్ళీ చదవండి. హిందూ యువజన సంఘం. చదువుకున్న యువకులు తమ ఊరిని ఎవరిగా ఊహించుకున్నారో ఆ పేరే చెబుతుంది. ఆ పేరులో మాలపల్లె, మాదిగ గూడెం ఉన్నాయా, ఉంటే ఏ వరసలో ఉన్నాయి?

ఆ సంవత్సరాలని పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచములన్న పేరు మాకొద్దు, మేము ఆది ఆంధ్రులం అని ఆ సభ ప్రకటించింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరుని ఒప్పుకుంది. అదే 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వెంకట కృష్ణారావు వంటివాళ్ళు అందులో పనిచేశారు. తామ్రశాసనాలు, వంశావళులు, రాజుల కాలనిర్ణయాలు మండలి పత్రిక నిండా పరుచుకున్నాయి. ఆంధ్రులెవరు, ఎప్పటినుంచి ఉన్నారు అన్నదే రెండుచోట్లా ప్రశ్న. ఈ నేలకి మొదటివాళ్ళం మేమే అని బెజవాడలో చెప్పినమాట ఒక చరిత్ర ప్రతిపాదనే. తప్పనిపిస్తే కాదనొచ్చు, నిజమనిపిస్తే నిరూపించొచ్చు. చరిత్రకారులు ఆ రెండింటిలో ఏదో ఒకటి గట్టిగా చేసివుంటే బాగుండేది. ఆ మాటని సంఘసంస్కరణ ఖాతాలో జమకట్టి చరిత్రని మళ్ళీ రాజుల దగ్గరికే తీసుకుపోయారు.

దీన్ని వ్యక్తుల దురుద్దేశం కింద చూస్తే తేలిపోతుంది. పద్ధతిలోనే ఇది ఉంది. మన స్థానిక చరిత్రకి మొదటి గనులు మెకంజీ పోగుచేయించిన కైఫీయతులు. కావలి సోదరులు, ఇతర గుమస్తాలు ఊరూరూ తిరిగి రాసుకొచ్చారు. ఊళ్ళో వాళ్ళకి చెప్పింది ముఖ్యంగా కరణాలు. కరణానికి ఏం తెలుసో అదే ఊరి చరిత్రయింది. ఊరు ఎవరు కట్టించారు, అగ్రహారం ఎవరికి పోయింది, మిరాశీ ఎవరిది, గుడి మాన్యాలెన్ని. అదే ఊళ్ళో పొలిమేర రాయి ఎక్కడుందో చూపించగలిగినవాడు వెట్టివాడు. చెరువు ఏ ఏట తెగిందో, కరువులో ఎవరెటు వలసపోయారో వాడకి తెలుసు. హద్దు తగాదా వస్తే వెట్టివాడి మాట పనికొచ్చింది. చరిత్ర రాసేటప్పుడు మాత్రం పనికిరాలేదు. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఊరి చరిత్ర రాసేవాళ్ళు మొదట ఎవరింటికి పోతున్నారో చూడండి. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. కరణం దృష్టి రద్దు కాలేదు.

వేటపాలేనికి కాస్త దక్షిణంగా సముద్రం ఒడ్డున మోటుపల్లి ఉంది. ఈ ప్రాంతపు చరిత్రాభిమానులందరికీ ఇష్టమైన చోటు. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం ప్రసిద్ధం. ఓడలు తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునేవాళ్ళట. తాను దయతలచి నిర్ణయించిన సుంకం తప్ప వేరే తీసుకోనని ఈ రాజు మాటిచ్చాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు, పోకలు అంటూ సుంకాల పట్టిక కూడా ఉంది. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ సీమని ముత్ఫిలి అని రాసి, ఇక్కడి సన్నని బట్టల్ని మెచ్చుకున్నాడు. స్థానిక చరిత్రలు ఇవన్నీ చెప్పి, మన ప్రాంతం ఒకప్పుడు ప్రపంచంతో వ్యాపారం చేసిందని గర్వంగా ముగిస్తాయి.

గర్వం ఎవరిది అని అడుగుతాం. పడవలమీద మూటలు మోసిందెవరు? ఆ బట్టకి పత్తి ఏరిందెవరు, వడికిందెవరు? నేత అనగానే నేతకులాల పేర్లే చెప్పడం అలవాటయింది. మాలలు ముతకబట్ట నేసేవాళ్ళని థర్‌స్టన్ 1909 సంపుటాల్లో రాసిపెట్టాడు. 1909 నాటి మాట 1244కి సాక్ష్యమవదు, నిజమే. కానీ ప్రశ్న వెయ్యడానికి అది చాలు. ప్రశ్న వేస్తే శాసనాలు కూడా కొంత మాట్లాడతాయి. తంజావూరు బృహదీశ్వరాలయంలో పదకొండో శతాబ్దపు రాజరాజ చోళుడి శాసనాలున్నాయి. పన్ను లేని నేలల లెక్క చెబుతూ అవి ఊళ్ళల్లో పఱైచ్చేరిని విడిగా పేర్కొంటాయి. పన్ను లెక్కకోసం రాసిన ఆ వాక్యమే ఊరు, చేరి విడివిడిగా ఉన్నాయనడానికి రాతిసాక్ష్యమయింది. రాయి అదే. రాజు గొప్పతనం కోసం చదివితే ఒక చరిత్ర వస్తుంది, చేరి కోసం చదివితే ఇంకో చరిత్ర వస్తుంది. మన జిల్లాల శాసన సంపుటాలని ఈ రెండో చూపుతో మొదటినుంచి చివరిదాకా చదవాల్సిన పని అలాగే ఉంది.

మోటుపల్లి సీమలోనే ఇంకో కట్టడం ఉంది. దాన్ని ఎవరూ పురావస్తువు అనరు. కృష్ణ నీళ్ళు తెచ్చే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గరికొచ్చి ఆగుతుంది. అక్కడినుంచి దక్షిణంగా మద్రాసు వైపు, ఇంకా కిందికి పోయేది బకింగ్‌హాం కాలువ. 1876-78 కరువులో దాంట్లో చాలా భాగాన్ని కూలికోసం వచ్చిన జనంతో తవ్వించి కలిపారు. అప్పటి గవర్నరు పేరే కాలువకి పెట్టారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడు మైళ్ళకి పైగా ముక్కని కాంట్రాక్టు తీసుకున్నాడు. తిండిలేక చచ్చిపోతున్న మాదిగలు ఆ మట్టి పనికి వచ్చారు. ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ బోధకులు వాళ్ళ మధ్య తిరిగారు. కరువు అయ్యాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ జిల్లాల దళితుల జీవితాన్ని ఇంతగా మలుపు తిప్పిన రోజు ఆ శతాబ్దంలో ఇంకోటి చూపించమనండి. ఏ శాసనం దొరికిన వార్తకన్నా ఇది తక్కువ చరిత్రా?

దీనికి ఆధారాల్లేవని కూడా అనలేరు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ముసలి మాదిగ బోధకుల నోటి మాటలు విని 1899లో ఒక పుస్తకమే అచ్చువేసింది. తెల్లదొరసాని కళ్ళు, మిషను అవసరాలు అందులో ఉన్నాయి. కాబట్టి జాగ్రత్తగా చదవాలి. గణపతిదేవుడి శాసనాన్ని మాత్రం అంత జాగ్రత్తగా చదువుతున్నామా? తానెంత దయామయుడో రాజు తనే చెక్కించుకుంటే చరిత్ర అంటున్నాం. మాదిగ ముసలాయన తన కరువు తను చెబితే మతప్రచారం అంటున్నాం. డక్కలివాళ్ళు పటం విప్పి జాంబపురాణం చెబితే జానపదం అంటున్నాం. పరీక్ష పెట్టదల్చుకుంటే అందరికీ ఒకటే పరీక్ష పెట్టండి.

ఇక కారంచేడు. చీరాలకి దగ్గర్లోనే ఉంది. 1985 జులైలో మాదిగపల్లె వాళ్ళు తాగే చెరువు నీళ్ళని పాడుచెయ్యొద్దని ఒక మాట అన్నందుకు మర్నాడు, 17వ తేదీన, ఊరి భూస్వాములు పల్లెమీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళపై అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్ళు చీరాల చేరుకున్నారు. మళ్ళీ ఆ ఊరు పోమని చీరాల దగ్గరే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. దళిత మహాసభ ఆ రక్తంలోంచి పుట్టింది. 2008లో గానీ సుప్రీంకోర్టు తీర్పు రాలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ పన్నుని ఎదిరించి ఊళ్ళు ఖాళీచేసి రామనగర్ వేసుకున్న సంగతి స్థానిక చరిత్రలన్నిట్లో ఉంటుంది. ఉండాలి కూడా. 1985లో ఊరొదిలి అదే చీరాల చేరినవాళ్ళ వలస ఆ పక్క పేజీలోకి ఎందుకు రాదు? మొదటిది స్వాతంత్ర్య పోరాటమట, రెండోది శాంతిభద్రతల సమస్యట. ఆ చెరువు గట్టు మాకు మోటుపల్లి స్తంభమంత చారిత్రక స్థలం.

ఇంతా చెప్పి మన సంగతి చెప్పుకోకపోతే న్యాయం కాదు. మన ఉద్యమాలూ చరిత్రని రెండు విధాలుగా కురచ చేశాయి. ఒకటి, మన చరిత్రంటే హత్యాకాండల తేదీలే అన్నట్టు మాట్లాడటం. 1985 కారంచేడు, 1991 చుండూరు. ఆ తేదీల మధ్య బతికిన బతుకు, చేసిన పని, పెట్టుకున్న బడి, తవ్వుకున్న బావి లెక్కకి రావడం లేదు. రెండోది, బౌద్ధ స్తూపం కనపడగానే ఇది మనదే అనెయ్యడం. 1948లో అంబేడ్కర్ అంటరానివాళ్ళ పుట్టుక గురించి రాస్తూ బౌద్ధంతో సంబంధాన్ని ఒక సిద్ధాంతంగా ముందుపెట్టాడు. పరీక్షించడానికి పెట్టాడు. మనం దాన్ని నినాదం చేసి పరీక్ష మానేశాం.

పరీక్షిస్తే ఏం దొరుకుతుందో చూడండి. అమరావతి స్తూపం శాసనాల్లో ఒకటి విధికుడనే చర్మకారుడిది. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకం దానమిచ్చాడు. అతని తండ్రి నాగుణ్ణి ఆ శాసనం ఉపాధ్యాయుడంటోంది. తోలుపని చేసేవాడు ఒక మహాస్తూపానికి తన కులవృత్తి దాచుకోకుండా పేరు చెక్కించుకుని దానమివ్వగలిగిన కాలం ఒకటి కృష్ణ ఒడ్డున ఉండిందని ఆ రాయి చెబుతోంది. అంతవరకే చెబుతోంది. విధికుడు ఇవ్వాళ్టి మాదిగలకి నేరుగా తాత అని చెప్పడం లేదు. చెప్పినంత చాలు మనకి. తోలుపని ఎప్పటినుంచో అంటుపనే అన్నవాడి నోరు ఆ ఒక్క రాయి మూయిస్తుంది. చెప్పనిది కూడా చెప్పిస్తే ఆ రాయి బలం మనమే పోగొట్టుకుంటాం. భట్టిప్రోలు స్తూపాన్ని ఇంజనీర్లు రోడ్డుకీ కాలువ తూముకీ ఇటుకల గనిగా వాడేశారు. మనం స్తూపాలని నినాదాలకి గనిగా వాడొద్దు.

కాబట్టి స్థానిక చరిత్ర సంఘాల్ని మూసెయ్యమని మేము అడగటం లేదు. వాటి జాబితా మార్చమంటున్నాం. ఊళ్ళో రాయి చదవడానికి పోయినప్పుడు పల్లెకీ, గూడేనికీ పోండి. వాడ శ్మశానం ఏ సర్వే నంబరులో ఉందో, ఎంత మిగిలిందో రాయండి. శాసనం పోతే నకలన్నా ఉంటుంది. ఆక్రమించి దున్నేసిన శ్మశానానికి నకలుండదు. పాత బావి ఎప్పుడు తవ్వారో, ఊరి బావిలో నీళ్ళు తోడుకోవడం ఎప్పుడు మొదలయిందో అడగండి. చర్చి రిజిస్టర్లలో మన తాతల పేర్లు, పెళ్ళిళ్ళు, చావులు ఉన్నాయి. చెదలు పట్టకముందే వాటికి నకళ్ళు తియ్యండి. కాలువ ఒడ్డున కరువు పని గురించి ఇంట్లో విన్నమాట చెప్పేవాళ్ళు ఇంకా ఉంటే, వాళ్ళ దగ్గర కూచోండి.

విద్యార్థులకి ఒక మాట. వేటపాలెం లాంటి గ్రంథాలయాల్లో ఉన్న పాత పత్రికల్ని వాళ్ళ చరిత్ర అని వదిలెయ్యకండి. గోగు శ్యామల నల్లపొద్దు తెచ్చినప్పుడు 1921 నుంచి దళిత స్త్రీలు రాసింది ఒక్కచోటికి వచ్చింది. రాసినవాళ్ళు ముందునుంచీ ఉన్నారు. వెతికినవాళ్ళే లేకపోయారు. 1918లో హిందూ యువజనులు కూడబెట్టిన సంపుటాల్లో కూడా ఆది ఆంధ్ర సభల వార్తలు, రాత్రిబడుల విరాళాలు, బావి తగాదాల ఉత్తరాలు వెతకాలి. వాళ్ళు ఏ ఊరిని ఊహించుకుని దాచినా, దాచిన కాగితం మీద మనకీ హక్కుంది. పోయి అడగండి, దుమ్ము దులపండి, నోటుపుస్తకం నింపుకుని వాడకి తిరిగిరండి. అక్కడ చదివి వినిపించండి. తప్పులుంటే వాడ దిద్దుతుంది.