నర్తించిన గాడ్జిల్లా: భయానక హాస్యాల సంధి

రసాభాసమే హాస్యానికి మూలం కాగలదని అభినవగుప్తుడు గుర్తించాడు. తోహో సంస్థ 1965లో నిర్మించిన ‘కైజూ దైసెన్సో’ పరిశీలనకు ఈ సూత్రం అక్కరకు వస్తుంది. 1954లో ఇషిరో హోండా తీసిన ‘గోజిరా’లో ఆ మృగం అణుభీతికి రూపం. పదకొండేళ్ల తరువాత అదే దర్శకుని చిత్రంలో అది అరువు సొత్తు. గురుగ్రహం చాటునున్న ఎక్స్ గ్రహవాసులు, మూడు తలల గిడోరాను తరమడానికి గాడ్జిల్లాను, రోడాన్‌ను అడుగుతారు. ప్రతిఫలం క్యాన్సర్ మందు. అది మోసమని వేరే చెప్పనక్కరలేదు.

గిడోరా పారిపోగానే గాడ్జిల్లా ఎగిరెగిరి గంతులు వేస్తుంది. ఫుజియో అకత్సుకా బొమ్మల కథలలోని ఒక హాస్యభంగిమకు ఇది అనుకరణ. దీనిని పతనంగా భావించేవారున్నారు. రబ్బరు తొడుగులోని హరువో నకజిమా కనబడిపోతున్నాడన్నది వారి ఆక్షేపణ. బున్‌రాకు రంగస్థలంపై బొమ్మలాడించేవారు కనబడుతూనే ఉంటారు. రసభంగమని ఎవరూ అనరు. పైగా ఆ నృత్యం తరువాతి దృశ్యాన్ని వీరు విస్మరిస్తున్నారు. మానవులు తిరుగుప్రయాణమవుతారు. నిర్జన శిలల నడుమ మిగిలిన రెండు మృగాలు పైకెగసే నౌకను చూసి అరుస్తాయి. నవ్విన ప్రేక్షకునికి అక్కడ కరుణ తగులుతుంది.

భయానకం మాత్రం ఎక్స్ గ్రహవాసుల మర్యాదలోకి తరలిపోయింది. వారు మృగాలను అంకెలతో పిలుస్తారు. వారి స్త్రీలందరిదీ ఒకే ముఖం. గణనయంత్రం చెప్పినదే శాసనం. అంతటి వ్యవస్థను కూల్చేది స్త్రీల ఆత్మరక్షణకై ఒక యువకుడు రూపొందించిన, ఎవరూ లెక్కచేయని చిన్న అలారం మోత.