పాఠము చివరి పదపట్టిక

మన తెలుగు వాచకములలో పాఠము చివరను కఠినపదములకు అర్థములని యొక పట్టిక యుండుట పాఠకు లెరుగుదురు. పరీక్షకు ముందు విద్యార్థి కడపట చూచునది యదియే. పద్యమును, కథను విమర్శించువారు పెక్కురు గలరు గాని ఈ పట్టికను విమర్శింప బూనినవా రరుదు.

ఇందలి పద్ధతి యెట్టిదనగా, కేదారమునకు క్షేత్రమని యర్థము వ్రాయుదురు. పురాణశ్రవణము, పుస్తకపఠనము గల యింట పెరిగిన బాలునకు ఈ రెండింటిలో నొక్కటియైన నెరుకయే. వానికి పట్టిక యక్కరలేదు. తండ్రి దున్నుచు తల్లి నాట్లు వేయుచుండ పెరిగిన బాలునకు రెండును కొత్తవే. వానికి పట్టిక యుపకరింపదు. వరిమడి యని వ్రాసియుండినచో నారు, గట్టు, కాలువ, కుప్ప సమస్తమును వాని కన్నులయెదుట నిలిచియుండెడివి. కేదారమునకు 'కయ్య' యని తన యూరిమాట వ్రాసిన బాలికకు సున్న వేసిన పత్రమును నేను చూచితిని. ఆ వస్తువును కాలితో త్రొక్కి యెరిగినదానికి సున్న, ఎన్నడును చూడక క్షేత్రమని వల్లించినవానికి పూర్తి గుణములు!

మడి యనగానే తరగతిలో నొకడు పొలమును తలచును. మరియొకనికి మడికట్టుకొన్న నాయనమ్మ జ్ఞప్తికి వచ్చును. అచ్చు లనగానే నేతవారి పిల్లకు మొదట తోచునది పడుగుపోగులు దూర్చెడి అచ్చు, వ్యాకరణము పిమ్మట. కోస్తావారి ఆనపకాయ సొరకాయ. చిత్తూరు ప్రాంతమున అనపకాయ చిక్కుడుజాతిది. ఇట్టి తారుమారులకు నవ్వి యూరకుండక, రెండర్థములను నల్లబల్లపై వ్రాయించినచో నిరువురకును లాభమే. ఇంట ఉర్దూ మాటలాడు పిల్లలు తెలుగున వెనుకబడుదురని ఉపాధ్యాయులే యందురు. ఆ నిందకు వారిచ్చు జవాబులోని 'జవాబు', మన రైతు, జిల్లా, ఖర్చు, ఇవన్నియు వారి యింటను నిత్యము వినబడునవే యని వారికి చెప్పువారు లేరు.

పట్టిక పక్షమువారు అమరకోశమును సాక్ష్యముగా తెత్తురు. నేనును చిన్ననాట అమరము వల్లించినవాడనే, దానిని నిందింపను. కాని అమరసింహుడు పర్యాయపదములను వట్టిగా గ్రుచ్చలేదు. ద్వితీయకాండమున వైశ్యవర్గమునందు వప్రము, కేదారము, క్షేత్రము ఒక్కచోట నుండును. ఆ వర్గమునందే నాగలి, కొడవలి, ధాన్యములు పేరుపేరున కనబడును. పదము వెంట ప్రపంచమంతయు వచ్చును. మన పట్టిక పర్యాయమును పట్టుకొని వర్గమును విడిచినది. బియ్యము పారబోసి ఊక దాచుకొన్నట్లు.

తెలుగున నట్టి కృషి లేదా యన్న, కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును ప్రకటించిరి. 1971లో చేనేతపదముల సంపుటము వెలువడినది. వృత్తులవారి నోట విని కూర్చిన మాటలవి. అంతకు మున్నే గిడుగు రామమూర్తిపంతులుగారు సవరభాషను నేర్చి, ఆ పిల్లలకు ఆ భాషయందే వాచకములు వ్రాసిరి. నేను బోధించిన వాచకముల పట్టికలలో ఈ కృషి జాడ కానరాదు.

ఇంటిమాటయే చాలునని నా వాదము కాదు. అట్లనెడి మిత్రులు కొందరు గలరు. వారి పిల్లలకు గ్రంథపదములు ఇంటనే లభించుచున్నవి. కూలివాని కూతురికి కేదారము బడిలో దొరకనిచో మరెక్కడను దొరకదు. ఆమెకు మడినుండి కేదారమునకు దారి వేయవలెను గాని మడిని మాన్పింపరాదు. పట్టికలో మొదటి గడియందు తెలిసిన తెలుగుమాట, రెండవదానియందు గ్రంథపదము నుంచి, మూడవదానిని ఖాళీగా విడువవలెను. అందు విద్యార్థి తన యింటిమాటను వ్రాసికొనును. ఏటేట ఆ కాగితములను పాఠశాలలు భద్రపరచినచో ముందు వాచకములు వ్రాయువారికి పని సులువగును. ఇందులకు ముద్రణవ్యయము పుట కొక గీత మాత్రమే.