వేలు ఒకచోట, పాఠం ఒకచోట

ఐదో తరగతి పిల్లాడు తెలుగు వాచకం తెరిచి గడగడా అప్పజెప్పినట్టు చదివేశాడు. ఎక్కడా తడబడలేదు. శభాష్ అనబోతూ వాడి చూపుడువేలు చూశాను. నోరు మూడో పేరాలో ఉంది, వేలు ఇంకా మొదటి పేరాలోనే ఉంది. పుస్తకం మూయించి, పలకమీద ‘వలలో చేప పడింది’ అని రాసిచ్చాను. "వ... ల..." అని ఆగిపోయాడు. "ఇది మా పాఠంలో నేదండి మాస్టారూ" అన్నాడు.

వాళ్ల నాన్న వేరావల్‌లో బోటెక్కుతాడు. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో బుడగట్లపాలెం వైపు తీరపు ఊళ్లలో చాలా ఇళ్లు ఇలాంటివే. మగవాళ్లు నెలల తరబడి గుజరాత్‌లో ఉంటారు. పిల్లాడికి ఇంట్లో పుస్తకం పట్టుకుని పక్కన కూర్చునేవాళ్లు లేరు. వాడు ఐదేళ్లూ మా బడికే వచ్చాడు, ఏటా మేమే పై తరగతికి పంపాం.

అప్పుడు నా గది గోడకు ఆ ఏటి యాక్షన్ ప్లాన్ వేలాడుతోంది. పదిహేడు అంశాలు. చేతిరాత పోటీ నుంచి క్విజ్ దాకా, పెరటి తోట నుంచి స్పోకెన్ ఇంగ్లిష్ దాకా. రాసింది నేనే. పిల్లాడికి చదవడం వచ్చిందో లేదో చూడాలన్న మాట అందులో ఎక్కడా లేదు.

మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించాం. ముందు అక్షరాలు, తర్వాత మాటలు, నాలుగు వాక్యాల పేరా, చివర చిన్న కథ. ప్రథమ్ సంస్థ 2005 నుంచి ‘అసర్’ సర్వేలో వాడుతున్న నిచ్చెన ఇదే. అందులో పై మెట్టు రెండో తరగతి స్థాయి కథ, అంతే. ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగారో అక్కడి నుంచి రోజూ పొద్దున్నే గంటసేపు చదువు, తరగతితో పని లేకుండా. పెద్ద పిల్లలు చిన్నవాళ్ల పక్కన కూర్చోడానికి నామోషీ పడతారని జట్లకు అంకెలు పెట్టలేదు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ అని మా వైపు నదుల పేర్లు పెట్టాం.

ఆ గంట ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు కష్టం. "సిలబస్ మాటేంటి మాస్టారూ?" అని తోటి టీచరమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. క్విజ్ మానేశాం, ప్రాజెక్టు పుస్తకాలు తగ్గించాం, పోటీల తయారీ ఆ ఏడాదికి వద్దనుకున్నాం. తనిఖీకి వచ్చినవారు రిజిస్టర్‌లో ఘాటుగానే రాసి వెళ్లారు. బాధేసింది. అయినా ముఖ్యమైనదేదో చెప్పడం తేలికే. ఏది మానుతున్నామో పేరు పెట్టి చెప్పనంతవరకూ ఆ ముఖ్యమైనదానికి టైమ్‌టేబుల్లో చోటు దొరకదు.

ఇంకో తప్పు కూడా నాదే. పిల్లలు చెప్పిన మాటల్నే బోర్డుమీద రాసి చదివించేవాళ్లం. ఓ గుంట "అమ్మ సంతకెళ్లి ఏటి తెచ్చింది? మెత్తళ్లు తెచ్చింది" అంది. నేను ‘ఏటి’ కొట్టేసి ‘ఏమిటి’ అని రాశాను. ఆ పిల్ల ఆ రోజంతా మళ్లీ నోరు విప్పలేదు. గిడుగు రామమూర్తి ఈ జిల్లావాడే, 1863లో పర్వతాలపేటలో పుట్టాడు. సవర పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే సవర నేర్చుకున్నాడు, ఆ భాషలో వాచకాలు రాశాడు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే నేను, ఆ పిల్ల ‘ఏటి’ని తుడిచేశాను. మర్నాడు అదే వాక్యం, ఆ పిల్ల అన్నట్టే, మళ్లీ బోర్డెక్కింది.

మూడో తరగతి దాటేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క రావాలని 2021 జూలై 5న కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. 2026-27 గడువు. మంచి లక్ష్యం, సరైన లక్ష్యం. బడి గోడమీద అది పదిహేడింటి కింద పద్దెనిమిదోది అయిపోతుందేమోనన్నదే నా భయం.

సంక్రాంతి సెలవులకు ముందు ఆ పిల్లాడి చేతికి ఎప్పుడూ చూడని కథ ఇచ్చాను. ఈసారి గడగడా చదవలేదు. ‘సముద్రం’ దగ్గర ఆగాడు. ‘ద’ కింద రవత్తు మీద గోరు ఆనించి, పెదాలు రెండుసార్లు కదిపి, మాట పలికాడు. అప్పుడు వేలు పక్కమాట మీదికి జరిగింది.