నోరు కలిస్తేనే బృందం

బృందగానంలో శ్రుతి తప్పితే అందరికీ తెలుస్తుంది. తాళం తప్పితే ఇంకా తొందరగా తెలుస్తుంది. ఉచ్చారణ తప్పితే మాత్రం పట్టించుకునేవాళ్లు తక్కువ. కొత్తకోటలో మా భజన బృందం దగ్గర నేను పట్టుబట్టేది దాని గురించే. పాట కట్టినవాడి చెవిలో మోగిన పలుకు కూడా ఆ పాటలో భాగమేనని నా నమ్మకం.

చ, జలనే చూడండి. ‘చంద్రుడు’ అన్నప్పుడు నాలుక అంగిలికి తగులుతుంది, ఇది తాలవ్యం. ‘చలి’, ‘చుట్టం’ అన్నప్పుడు నాలుక కొస పళ్ల వెనక్కి వచ్చి ‘త్స’కు దగ్గరగా పలుకుతుంది, ఇది దంత్యం. ‘జలం’ ఒక తీరు, ‘జొన్న’ ఇంకో తీరు. సంస్కృత పదాల్లో తాలవ్యమే. తెలుగు పదాల్లో ఇ, ఎలు చేరితే తాలవ్యం, అ, ఉ, ఒలు చేరితే దంత్యం. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ రెంటినీ గుర్తించాడు. దంత్యాలకు ౘ, ౙ అనే గుర్తులున్నా, పాటల పుస్తకాల్లో దాదాపు కనిపించవు.

ఒక్కరే పాడితే ఈ తేడా చిన్నదే. గుంపులో సగంమంది ‘చ’ అని, సగంమంది ‘త్స’ అంటే, తాళం సరిగ్గా పడ్డా పదం చీలిపోతుంది. అందుకే మేం తాళాలు పక్కనపెట్టి, చరణాన్ని ముందు మామూలు మాటలా కలిసి చదువుతాం. దంత్యం వచ్చినచోట అక్షరం నెత్తిన పెన్సిల్‌తో 2 అంకె వేసుకుంటాం. హార్మోనియం ఆ తర్వాతే.

పుష్య బహుళ పంచమినాడు తమిళనాడులోని తిరువయ్యారులో త్యాగరాజ పంచరత్నాలను వందలమంది ఒక్క గొంతుగా పాడతారు. నాట రాగ కృతి సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. అంటే ఒకే చ, జలను పదాన్ని బట్టి రెండు తీర్లుగా పలకాలన్నమాట. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం కాబట్టి, అక్కడి సంగీత పుస్తకాల్లో పక్కన అంకెలు వేసి తేడా చూపిస్తారు. తమది కాని భాష కోసం ఆ గాయకులు పడే శ్రమకు దండం పెట్టాలి.

లాటిన్ పాడే యూరప్ బృందాల్లోనూ ఇదే చర్చ. ఆకాశానికి లాటిన్‌లో ఉన్న మాట మొదటి అక్షరాన్ని ప్రాచీన రోములో ‘క’ అన్నారు, ఇటలీ చర్చిలో ‘చ’ అంటారు, జర్మనీలో ‘త్స’ అంటారు. 1912లో పదవ పయస్ పోప్ ఈ ఇటలీ చర్చి పలుకునే ప్రోత్సహించాడు. ఒక్కో దేశం లాటిన్‌ను పూర్వం ఎలా పలికిందో హెరాల్డ్ కోప్‌మన్ 1990లో పుస్తకంగా తెచ్చాడు. బాఖ్ లాటిన్ రచనలను జర్మన్ పలుకుతోనే పాడే బృందాలు ఇప్పుడున్నాయి. ఆ పాత పలుకుల కోసం పరిశోధకులు పాత రాతలు, ప్రాసలు, వ్యాకరణాలు తవ్వారు.

పోయిన ప్రతి ధ్వనినీ తిరిగి తేవాలని నేననను. నన్నయ నాటి కవులు ప్రాసలో ర, ఱలను కలపలేదు. ఆ తేడా మన నాలుక మీద ఎప్పుడో చెరిగిపోయింది, భజనలో దాన్ని బలవంతాన పలికితే కృతకమవుతుంది. దంత్య చ, జల సంగతి వేరు. పాలమూరు పల్లెల్లో ఏ పెద్దమ్మ ‘జొన్నరొట్టె’ అన్నా అవి వినిపిస్తాయి. బడికెళ్లే పిల్లలేమో అది మొరటనుకుని, ‘చదువు’ను కూడా ‘చంద్రుడి’లాగే పలుకుతున్నారు. అది మొరటు కాదు, వ్యాకరణం ఒప్పుకున్న పలుకు. భజన నేర్పేవాళ్లు సరిగమలకన్నా ముందు ఈ సంగతి పిల్లలకు చెప్పాలి. ఇంట్లో వినే మాటకు పాటలోనూ చోటుందని తెలిస్తే, వాళ్లు గొంతు దాచుకోకుండా పాడతారు.