మమ్మల్ని అడగాల్సిన అవసరం ఎవరికుంది?

ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థి సంఘం చరిత్ర చెప్పమంటే మనవాళ్ళు ఒక నిచ్చెన చూపిస్తారు. కింది మెట్టు మీద 1973-74లో యూనివర్సిటీ కాలేజీల విద్యార్థి సంఘం అధ్యక్షుడు వెంకయ్యనాయుడు ఉంటాడు. పై మెట్టు మీద 2017లో భారత ఉపరాష్ట్రపతి అయిన వెంకయ్యనాయుడు ఉంటాడు. మధ్యలో ఎమ్మెల్యేలు, ఎంపీలు, మంత్రులు. సన్మాన సంచికల్లో, పూర్వ విద్యార్థుల జ్ఞాపకాల్లో ఇదే వరస. ఎవరు ఎక్కారో రాస్తారు. ఎవరు నిచ్చెన పట్టుకున్నారో రాయరు.

ఈ చరిత్ర రచన మీదే నా పేచీ. ప్రాతినిధ్యం అంటే నాయకుడి జీవిత చరిత్ర కాదు. ప్రాతినిధ్యం అంటే, నాయకుడు కావాలనుకున్నవాడు హాస్టల్ గది తలుపు తట్టి, లోపల ఉన్న కుర్రాణ్ణి "తమ్ముడూ, నీకేం కావాలి?" అని అడగాల్సి రావడం. ఆ తలుపు వెనక ఉన్నది మాల కుర్రాడా, గిరిజన పిల్లా, సాయిబుల పిల్లాడా అనేది తర్వాతి సంగతి. అడగాల్సి రావడమే ముఖ్యం. సంఘం చరిత్ర రాసేవాళ్ళు ఈ తలుపు చప్పుడు ఒక్కచోటా వినిపించరు.

సంఘం అధ్యక్షుల జాబితాలో ముస్లిం పేరు ఉందా లేదా అని వెతికే పని నేను పెట్టుకోను. ఒక పేరు దొరికితే ఏం తేలుతుంది? మంత్రివర్గంలో ఒక సాయిబుకి మైనారిటీ సంక్షేమ శాఖ ఇచ్చి ఫొటో తీయించుకోవడం మనకు కొత్తా? పేరు కంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. ఆ వ్యవస్థలో మమ్మల్ని అడగాల్సిన అవసరం ఎవరికైనా ఉండేదా? ఇప్పుడుందా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1884లో అలీగఢ్‌లో సర్ సయ్యద్ కాలేజీ పిల్లలకి సిడన్స్ యూనియన్ క్లబ్ పెట్టారు. మైకు ముందు నిలబడి వాదించడం నేర్పిన చోటు అది. అడిగే హక్కు కంటే ముందు అడిగే భాష కావాలి కదా. 1936 ఆగస్టులో లక్నోలో అఖిల భారత విద్యార్థి సమాఖ్య పుట్టింది. ఆ సభను ప్రారంభించింది నెహ్రూ, అధ్యక్షత వహించింది జిన్నా. ఇద్దరూ ఒకే వేదిక మీద! మరుసటి ఏడాదే ముస్లిం విద్యార్థుల సమాఖ్య వేరుగా వచ్చింది. ఆ చీలికకి మతోన్మాదమని ఒక్క మాట అంటించి చేతులు దులుపుకోవడం తేలిక. ఉమ్మడి వేదిక మీద మన మాటకి చోటుందన్న నమ్మకం ఎందుకు చాల్లేదో చెప్పడమే కష్టం. మన అభ్యుదయ చరిత్రకారులు ఆ కష్టం పడలేదు.

వాల్తేరు సంగతికొద్దాం. 1926లో చట్టం వచ్చింది. బెజవాడలో మొదలైన యూనివర్సిటీ 1930లో వాల్తేరు కొండల మీదికి చేరింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో ఆ పదవికి రాజీనామా చేశారు. తర్వాత 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్. ఈ రాధాకృష్ణన్ అధ్యక్షతనే 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ పనిచేసింది. విద్యార్థి సంఘాలు వీలైనంత వరకు రాజకీయాలకు దూరంగా ఉండాలని చెప్పింది. అంటే వైస్ ఛాన్సలర్ రాజకీయ కారణంతో రాజీనామా చేస్తే త్యాగం. విద్యార్థి రాజకీయం మాట్లాడితే క్రమశిక్షణా రాహిత్యం. ఈ రెండు తూకాలూ మన చదువుల పునాదిలోనే ఉన్నాయి.

అయినా విద్యార్థులు ఆగలేదు. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని వీధుల్లోకి వచ్చారు. నవంబర్ 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. 1972లో జై ఆంధ్ర అన్నారు. అవతల ఉస్మానియాలో 1969లో తెలంగాణ అన్నారు. 1972 ఏప్రిల్ 14న అదే క్యాంపస్‌లో జార్జి రెడ్డిని చంపేశారు. ఆ రోజుల్లో విద్యార్థి నాయకుడు ప్రాంతం తరఫున మాట్లాడాడు, ఉక్కు తరఫున మాట్లాడాడు, విప్లవం తరఫున మాట్లాడాడు. ఇవన్నీ పెద్ద మాటలే, నిజమైన మాటలే. "ఆంధ్రుల హక్కు" అన్నప్పుడు ఆ ఆంధ్రుల్లో మేమూ ఉన్నాం. హార్బరు దగ్గర దర్గా కొండ మీద ఇస్‌హాఖ్ మదనీ ఔలియాకి మొక్కుకునే బెస్తవాళ్ళని అడిగినా చెప్తారు, ఈ ఊరు ఎవరెవరిదో. ప్రాంతం పేరు చెప్పినప్పుడు లెక్కలో కలిశాం. హాస్టల్, మెస్, స్కాలర్‌షిప్, గది, గౌరవం దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పిపోయాం.

1988లో కథ మారింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికల్ని నిషేధించింది. క్యాంపస్‌లలో గొడవలు, కత్తులు, హత్యలు అన్నారు. అవి అబద్ధం కాదు. కానీ అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీలో ఏం జరిగిందో చూడండి. పార్లమెంటు 61వ రాజ్యాంగ సవరణ ఆమోదించి ఓటు వయసుని 21 నుంచి 18కి దించింది. దేశ ప్రధానిని ఎన్నుకునే తెలివి పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి వచ్చేసింది. హాస్టల్ మెస్ కార్యదర్శిని ఎన్నుకునే తెలివి మాత్రం పోయింది!

మరుసటి ఏడాది, 1989లో, "శివ" సినిమా వచ్చింది. కాలేజీ వెనక మాఫియా, చేతిలో సైకిల్ చైను. సినిమాగా అది గొప్ప మార్పు తెచ్చింది, కాదనను. కానీ విద్యార్థి రాజకీయం అంటే చైను అని మధ్యతరగతి తల్లిదండ్రుల మనసులో ముద్ర కొట్టింది కూడా అదే. ఎన్నిక అంటే మీటింగు అని, వాదన అని, మాట ఇవ్వడం, తప్పితే నిలదీయడం అని తెలియని తరాలు ఆ చైను చూస్తూ పెరిగాయి. నిషేధానికి సర్కారు జీవో కంటే ఎక్కువ సమర్థన వెండితెర నుంచే దొరికింది.

ముప్ఫై అయిదేళ్ళు దాటిపోయాయి. నిషేధం వల్ల క్యాంపస్‌లో కులం తగ్గిందా? పార్టీ తగ్గిందా? పార్టీల విద్యార్థి శాఖలు ఉన్నాయి. కుల సంఘాలు ఉన్నాయి. జేఏసీలు ఉన్నాయి. బలమున్న కులానికి ఎన్నిక అక్కర్లేదు. వాడికి ఎమ్మెల్యే బాబాయి ఉంటాడు, పాలకమండలిలో మేనమామ ఉంటాడు. 1991 విశ్వవిద్యాలయాల చట్టం వచ్చాక పాలకమండలి అంటేనే సర్కారు నామినేట్ చేసిన మనుషులు. తలుపులు తెరిపించుకునే దారులు వాళ్ళకి వంద. మాకున్నది ఒక్క ఓటు. తీసేసింది దాన్నే.

2011 జనగణన ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ముస్లింలు 9.5 శాతం. విశాఖ జిల్లాలో రెండు శాతానికి అటూ ఇటూ. శ్రీకాకుళం, విజయనగరాల్లో ఒక్క శాతం కూడా లేరు. ఈ అంకెలతో మేం ఎవర్నీ గెలిపించలేం, ఒప్పుకుంటాను. కానీ రెండు గ్రూపులు నువ్వా నేనా అని పోటీపడే చోట యాభై ఓట్లు చిన్నవి కావు. ఆ యాభై మంది దగ్గరికి ఇద్దరూ రావాల్సిందే. ఎన్నిక లేని చోట ఆ యాభై మంది యాభై అర్జీలు మాత్రమే.

అర్జీకి, ఓటుకి తేడా తెలియాలంటే సీతమ్మధార వీధుల్లో తిరగాలి. యూనివర్సిటీకి దగ్గర, హాస్టల్ దొరకని పిల్లలు గదుల కోసం వెతుక్కునే పేట. "టు లెట్" బోర్డులకు కొదవలేదు. ఇంటావిడ బాగానే మాట్లాడుతుంది. ఎక్కణ్ణించి వచ్చావు బాబూ అంటుంది, ఏం చదువుతున్నావంటుంది, మంచినీళ్ళిస్తుంది. పేరు అడుగుతుంది. పేరు చెప్పగానే మావారిని అడిగి చెప్తానంటుంది. ఆ మావారు ఎప్పటికీ ఊళ్ళో ఉండరు. సీతమ్మధార ఒక్కటే ఇలా ఉందని కాదు. ఏ నగరంలోనైనా ముస్లిం పిల్లలకీ, దళిత పిల్లలకీ ఈ "మావారు" తెలుసు. ఈ అవమానాన్ని ఎవరికి చెప్పుకోవాలి? పోలీసు స్టేషన్లో కేసు నిలవదు. వార్డెన్ పరిధిలో లేదు. ఎన్నికైన సంఘం ఒకటుంటే, గదుల సమస్య ఓ సమస్యగా మీటింగులో చర్చకొస్తుంది. బయటి గదుల జాబితా సంఘమే తయారుచేయొచ్చు. కొత్త హాస్టల్ కట్టమని అడగొచ్చు. ఇప్పుడు ఆ కుర్రాడు ఆ మాట మింగేసి ఇంకో వీధికి పోతాడు.

రంజాన్ సంగతి చూడండి. ఏ హాస్టల్ మెస్ అయినా తెల్లారి నాలుగింటికి పొయ్యి వెలిగించదు. సహరికి నలుగురు పిల్లలు రాత్రి మిగిలిన అన్నం గిన్నెలో మూతపెట్టుకుని, చన్నీళ్ళు కలుపుకుని తింటారు. దయగల వార్డెన్ ఉంటే ఆ ఏడాది రెండు చపాతీలు పక్కన పెట్టిస్తాడు. ఆయన బదిలీ అయితే చపాతీలూ బదిలీ. మెస్ కమిటీలో ఎన్నికైన వాళ్ళుంటే ఇది నియమం అవుతుంది. శివరాత్రి ఉపవాసానికి పళ్ళు, ఉపవాస దీక్షకి చపాతీలు ఒకే పద్దులో పడతాయి. దయ మనిషితో పోతుంది, నియమం పుస్తకంలో మిగులుతుంది. మేం అడుగుతున్న ఇజ్జత్ అంతకంటే పెద్దదేం కాదు.

2007 చట్టంతో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. కోర్టు మెట్లెక్కి దిగి, 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలో నడుస్తోంది. మా పిల్లలు ఇంజనీరింగుకి, మెడిసిన్‌కి వచ్చారు. బురఖా వేసుకున్న ఆడపిల్ల క్లాసులో ముందు బెంచీ మీద కూచుంది. సీటు వచ్చింది. నోరు రాలేదు. క్లాసు గదిలో మమ్మల్ని లెక్కపెట్టిన రాజ్యం క్యాంపస్‌లో మా మాట లెక్కపెట్టే ఏర్పాటు మాత్రం చేయలేదు.

లింగ్డో కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. సుప్రీంకోర్టు ఆ ఏడాది సెప్టెంబరులో దాన్ని అమలు చేయమంది. వయసు పరిమితి, 75 శాతం హాజరు, అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు అంది. పరిస్థితి బాగాలేని చోట నామినేషన్‌తో మొదలుపెట్టినా అయిదేళ్ళలో ఎన్నికలకు మారాలని చెప్పింది. ఆ అయిదేళ్ళు 2011లోనే అయిపోయాయి. రాష్ట్రం రెండయింది, ప్రభుత్వాలు మారాయి. చైను బూచి మాత్రం మారలేదు.

ఎన్నికలున్న చోట అంతా బాగుందా అని సెక్యులర్ మిత్రులు అడుగుతారు. బాగాలేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలున్నాయి, రోహిత్ వేముల 2016 జనవరి 17న అక్కడే చనిపోయాడు. కానీ ఆయనకీ, ఆయన నలుగురు మిత్రులకీ వేసిన శిక్షల్లో ఒకటి గుర్తు చేసుకోండి. హాస్టల్ బహిష్కారంతో పాటు విద్యార్థి సంఘం ఎన్నికల్లో పాల్గొనకూడదని నిషేధం. అక్కడ అది శిక్ష. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏ నేరమూ చేయని ప్రతి విద్యార్థికీ అడ్మిషన్‌తో పాటే ఆ శిక్ష పడుతోంది. అదే సెంట్రల్ యూనివర్సిటీలో 2023లో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్, ఎస్.ఎఫ్.ఐ. ఉన్న కూటమి తరఫున ఒక ముస్లిం విద్యార్థి అధ్యక్షుడిగా గెలిచాడు. ముస్లిం ఓట్లతోనే గెలిచాడా? ఆ లెక్క కుదరదు. దళితులు, బీసీలు, వామపక్షం వాళ్ళు కలిసి ఓటేశారు. ఒకరి తలుపు ఒకరు తట్టుకున్నారు.

మా పెద్దవాళ్ళ మాట ఇంకోటి. "మనకెందుకు బేటా ఈ గొడవ, చదువుకుని ఉద్యోగం చూసుకో" అంటారు. ఆ భయం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు, దాన్ని ఎగతాళి చేయను. కానీ మనం గొడవలో లేకపోయినా గొడవ మనల్ని వదిలిందా?

మాలోకి మేమూ చూసుకోవాలి. సయ్యద్ పిల్లాడు మాట్లాడితే దూదేకుల పిల్లాడి మాట వచ్చేసినట్టేనా? వాళ్ళు బి.సి.-బి, ఆ లెక్కే వేరు. మగపిల్లాడు మాట్లాడితే ఆడపిల్ల మాట వచ్చేసినట్టేనా? మెజారిటీని అడుగుతున్న ప్రశ్న మా ఇంట్లో కూడా అడగాల్సిందే. అందుకే ముస్లింలకి విడిగా ఒక సంఘం పెట్టి చేతులు కడుక్కోమని నేను అనడం లేదు. ఎన్నికలు కావాలి. ఉమ్మడి ఓటు కావాలి. పదవుల్లో ఆడపిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి, బీసీలకి, మైనారిటీలకి వంతులవారీగా చోటు కావాలి. పూనా ఒప్పందం నేర్పిన పాఠం మరిచిపోవద్దు. ఉమ్మడి ఓటుతో గెలిచిన రిజర్వుడు మనిషి తన వాళ్ళకి కాక గెలిపించిన వాళ్ళకి బాకీ పడిపోతాడు. దానికి విరుగుడు మెస్ కమిటీ నుంచి మొదలుపెట్టాలి. ప్రతి కమిటీ ఎన్నికైనదే కావాలి, ప్రతి సంఘం లెక్కలు, నిర్ణయాలు నోటీసు బోర్డు మీద పెట్టాలి, మాట తప్పినవాణ్ణి దించే వీలుండాలి.

ఇక చరిత్ర రాసేవాళ్ళకో మాట. ఈసారి యూనివర్సిటీ సంచిక వేసినప్పుడు ఆ నిచ్చెనని కాసేపు పక్కన పెట్టండి. 1988 తర్వాత చదివిన పిల్లల్ని కూచోబెట్టి అడగండి. మిమ్మల్ని ఎవరైనా ఓటడిగారా? మీకేం కావాలని ఎవరైనా అడిగారా? గది దొరకనప్పుడు ఎవరి దగ్గరికి పోయారు? ఆ జవాబులు రాయండి. అందులో గొప్పవాళ్ళ ఫొటోలు ఉండవు. యూనివర్సిటీ ఉంటుంది.